జాడలేనోళ్లకు డిజైన్ లేదు

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిది కాదని ఎల్లారెడ్డిలో అందరికీ తెలుసు. నా దగ్గర జాకెట్లు కుట్టించుకునేవాళ్లకు ఇంకా బాగా తెలుసు. అయినా ఆ ఆదివారం కామారెడ్డిలో నేను చేసిన పని నోటితో చేసింది కాదు, చేతులతో చేసింది. అవసరమొస్తే మళ్లీ చేస్తాను.

పొద్దున తొమ్మిదింటికి చర్చికి బయలుదేరుతుంటే నా భర్త దేవేందర్ ఫోన్ చేశాడు. పదకొండేళ్లుగా గల్ఫ్‌లో ఉంటున్నాడు, పెద్ద బిల్డింగులకు ఏసీ గొట్టాలు బిగించే పని. ఆదివారం అక్కడ డ్యూటీ రోజు. ఆ వేళలో అతను ఫోన్ చేసే మనిషి కాదు.

"వినోదా, హవ్వ సంగతి మీకేమన్న తెలిసిందా?" అన్నాడు.

"లేదు. నీకేమన్న తెలిసిందా?"

"మరి గా ఫ్లెక్సీ ఏంది?"

"ఏం ఫ్లెక్సీ?"

ఫోటో పంపాడు. చూసేసరికి నా ఒళ్లు మండిపోయింది. పైన నల్లటి అక్షరాలతో "సూడాన్ హతసాక్షులకు కన్నీటి నివాళి" అని ఉంది. హతసాక్షి అంటే విశ్వాసం కోసం చంపబడిన మనిషి. నడుమ హవ్వ ముఖం. ఆడవాళ్ల గ్రూపు ఫోటోలోంచి కత్తిరించారు, పక్కామె చెయ్యి ఇంకా హవ్వ భుజం మీదే ఉండిపోయింది. రెండు వైపులా కొవ్వొత్తులు, చుట్టూ గులాబీ రేకులు, వెనక మబ్బుల్లోకి మెట్లు. కింద చేతులు జోడించిన మనవాళ్లు పదకొండు మంది. వాళ్లలో కుడిచేతి వైపు, హవ్వకంటే కొంచెమే చిన్నగా, సూడాన్ సంఘీభావ కమిటీ కన్వీనర్ భీమేష్ నల్లకళ్లద్దాలు పెట్టుకొని ఉన్నాడు. ఆఖరున నేను. "వినోద, ఎల్లారెడ్డి" అని రాశారు. నన్ను అడగకుండానే నాతో కూడా నివాళి ఇప్పించేశారు.

హవ్వ చనిపోయిందని ఎవరు చెప్పారు వీళ్లకు?

హవ్వ ఎవరో చెప్పాలి. దేవేందర్ ఉండే క్యాంపులో గబ్రియేల్ అని సూడాన్ మనిషి ఉన్నాడు. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి చర్చి ప్రార్థన ఆ రోజే, అందులో పరిచయమయ్యాడు. ఇద్దరికీ వచ్చింది క్యాంపు హిందీ, ఆ హిందీతోనే ఆరేళ్ల స్నేహం. గబ్రియేల్ భార్య హవ్వ. వాళ్ల ఊళ్లో చర్చి ఆడవాళ్ల కూడికకు ఆమే పెద్ద. మగవాళ్లిద్దరూ కలిసి మా సంఘాన్నీ వాళ్ల సంఘాన్నీ జంట చేశారు. బిషప్పులు లేరు, సంతకాలు లేవు. మా దగ్గర పదహారు మంది ఆడవాళ్లం, అక్కడ పదహారు మంది. ఒక్కొక్కరం ఒక్కొక్కరి పేరు తీసుకున్నాం. బుధవారం ఒక పూట తిండి మానేసి, ఎవరి వంతు పేరు వాళ్లం ప్రార్థనలో ఎత్తేవాళ్లం. నా వంతుకు హవ్వ వచ్చింది. నాగవ్వ, రామవ్వ అనే పేర్ల మధ్య ఆ పేరు పరాయిదనిపించలేదు.

ఆమె అరబ్బీలో మాటలు రికార్డు చేసి పంపేది. గబ్రియేల్ దాన్ని హిందీ చేసేవాడు, దేవేందర్ తెలుగు చేసి నాకు పంపేవాడు. మొన్నటి ఆగస్టు వానలకు మా గల్లీలో నడుం లోతు నీళ్లొచ్చినప్పుడు హవ్వ ఏం పంపిందో తెలుసా? "వినోద మిషను తడిసిందా? మేం పదహారు మందిమీ ఈ రోజు మీ కోసం తినలేదు." అప్పటికి వాళ్ల ఊరి చుట్టూ తుపాకులున్నాయి. ఊళ్లోకి గోధుమపిండి రాక నెల దాటింది. తినడానికి లేనివాళ్లు మా కోసం ఉపవాసం ఉన్నారు. ఆ మాట విన్న రోజు నేను మిషను మీద తల పెట్టుకొని ఏడ్చాను.

తర్వాత యుద్ధం ఊళ్లోకే వచ్చింది. పిల్లలిద్దరినీ నానమ్మతో సరిహద్దు దాటించి, హవ్వ మాత్రం ఆగిపోయింది. నడవలేని ముసలివాళ్లు నలుగురు చర్చిలో ఉన్నారని. చర్చి కాలిపోయిందని ఎవరో చెప్పారు. నలభై రోజులుగా హవ్వ ఫోన్ కలవడం లేదు. కామారెడ్డిలో సంఘీభావ సభ పెడుతున్నామని భీమేష్ ఫోటో అడిగితే నేనే పంపాను. "హవ్వ జాడ లేదు, దొరకాలని అందరూ ప్రార్థన చేయండి" అని రాసి మరీ పంపాను. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కబురు రాకముందే కన్నీటి నివాళి!

"గబ్రియేల్ చూసిండా?" అన్నాను దేవేందర్‌తో.

"చూసిండు. మా రూముల తాడ్వాయి పిలగాడు భీమేష్ స్టేటస్ చూస్తుంటే, గబ్రియేల్ ఎనకనే ఉన్నడు. తెలుగు చదవనీకి రాకపోతే ఏంది, పూలు, కొవ్వొత్తులు కనిపిస్తయి గదా. కిందనే కూలబడ్డడు. ఇండియా అక్కలకు తెలిసింది, నాకు చెప్పకుంట దాసిండ్రు అనుకున్నడు. పిల్లలకు ఫోన్ చేసి చెప్పేసిండు."

"ఏమని చెప్పిండు?"

"ఏమని చెప్తడే? మీ అమ్మ లేదని."

అప్పుడు గబ్రియేల్ ఫోన్ తీసుకున్నాడు. "భాభీ, సచ్ బోలో," అన్నాడు, నిజం చెప్పమని. నాకు వచ్చిన హిందీలో నాలుగుసార్లు చెప్పాను, నై మాలూమ్ భయ్యా, హమ్‌కు కుచ్ నై మాలూమ్ అని. నమ్మలేదు. అంత పెద్ద బోర్డు ఏమీ తెలియకుండా ఎవరైనా పెడతారా అని అతని ప్రశ్న. న్యాయమైన ప్రశ్న. బోర్డు పెట్టినాయన నోటితో వింటేనే నమ్ముతానన్నాడు.

భీమేష్‌కు ఫోన్ చేశాను. ఎత్తలేదు. పదిసార్లు చేశాను, ఎత్తలేదు. ఆరాధన మానేసి బస్టాండుకు నడిచాను. మా కూడికలో అందరికంటే పెద్దది నాగవ్వ, డెబ్బై దాటింది. చర్చి గేటు దగ్గర నన్ను చూసి, సంగతి విని, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వెంట వచ్చింది.

"అవ్వా, ఎండకు నీకెందుకు?" అన్నాను.

"నువ్వు ఒక్కదానివే పోతే కొడతవు బిడ్డా. నేనుంటే తిట్టుడుతోటి పోతది," అంది.

బస్సులో ఆ ఫోటో మళ్లీ చూశాను. ఫ్లెక్సీ కింద మూలన, చీమంత అక్షరాల్లో, వేసిన షాపు నంబరు ఉంటుంది కదా. లింగంపేట దాటాక ఆ నంబరుకు చేశాను.

"అన్నా, సూడాన్ నివాళి ఫ్లెక్సీ నువ్వేనా ఏసింది?"

"ఔ మేడం. మంచిగొచ్చిందా?" సంతోషంగా అడిగాడు.

"గామె చచ్చిపోయిందని నీకెవలు చెప్పిండ్రు?"

సంజాయిషీ మొదలుపెట్టాడు. "భీమేషన్న ఫోటో పంపి, ఈమె మిస్సింగు, పొద్దుగూకేవరకు కావాలె అన్నడు. నా దగ్గర పుట్టినరోజుయి ఉన్నయి, పెండ్లియి ఉన్నయి, స్వాగతాలున్నయి, శ్రద్ధాంజలియి ఉన్నయి. జాడలేనోళ్లకు డిజైన్ లేదు మేడం. శ్రద్ధాంజలి పెట్టాల్నా అన్నా అని అడిగిన. పెట్టు అన్నడు."

"కనబడుట లేదు అని రాయరాదా?"

"అది చిన్న కాయితం మేడం. ఆటోల ఎనక అంటిస్తరు. స్టేజీకి గసోంటిది ఎవలు ఏపిస్తరు?"

అతన్ని తిట్టాలని నోరు తెరిచి మూసేశాను. అతను అడిగాడు పాపం. అడిగిన ఒకే ఒక్క మనిషి అతనే. మిగతా పదిమందిలో, నివాళి అని వాళ్ల ముఖాలు వేస్తుంటే, ఈమె నిజంగా పోయిందా అని అడిగినవాడు ఒక్కడూ లేడు. నా ముఖం కూడా ఆ వరసలోనే ఉంది.

ఫంక్షన్ హాలు ముందు జీపులు, ట్రాలీలు, ఆటోలు బారులు తీరి ఉన్నాయి. జుక్కల్ వైపు నుంచి కూడా జనం వచ్చారు. లోపల స్టేజీ వెనకంతా అదే ఫ్లెక్సీ, ఫోన్లో చూసినదానికి వందరెట్లు. హవ్వ ముఖం మీదుగా రెండు మేకులు కొట్టి, నిజమైన బంతిపూల దండ వేశారు. కింద బల్ల మీద వెలుగుతున్న నిజమైన కొవ్వొత్తులు రెండు. చావింట్లో ఫోటోలకు దండలు వేయకండి, అది మన పద్ధతి కాదు అని ఊరూరా చెప్పే పాస్టరు అయ్యగార్లు నలుగురు ఆ స్టేజీ మీదే కూర్చుని ఉన్నారు. ఒక్కరూ కిక్కురుమనలేదు.

భీమేష్ తెల్లచొక్కాలో ఎదురొచ్చాడు. ప్లాట్ల వ్యాపారం చేస్తాడు, మాట మెత్తన. "రా అక్కా, రా. ముందల వరసల నీకు కుర్చీ ఏపిచ్చిన. అవ్వా, దండాలు."

"తమ్మీ, హవ్వ చచ్చిపోయిందని నీకెట్ల తెలిసింది?"

"అక్కా, నలభై దినాలాయె..."

"నేను అడిగింది దినాలు కాదు."

అతను నన్ను పక్కకు తీసుకెళ్లాడు. నేను అంతా చెప్పాను. గబ్రియేల్ చూశాడని, పిల్లలకు చెప్పేశాడని, వాళ్లు అక్కడ తల్లి పోయిందని ఏడుస్తున్నారని. "దండ తియ్యి. మైకుల చెప్పు, ఆమె సంగతి మాకు తెల్వదని. ఇగో ఫోన్, గదే మాట గబ్రియేల్‌కు చెప్పు. రెండు నిమిషాల పని."

భీమేష్ ముఖం నిజంగానే చిన్నబోయింది. అబద్ధమెందుకు, బాధపడ్డాడు. కానీ కన్ను మాత్రం గేటు వైపే ఉంది. "చెప్త అక్కా, తప్పకుంట చెప్త. మీటింగ్ అయినంక చెప్త. చీఫ్ గెస్టు కారు టోల్‌గేట్ దాటిందంట. ఇప్పుడు దండ తీస్తే ఏమనుకుంటరు జనం?"

"నిజం అనుకుంటరు."

"నువ్వు సమజ్ చేసుకోవాలె అక్కా. మిస్సింగు అంటే ఎవలొస్తరు? చచ్చిపోయిందంటే ఊర్లకు ఊర్లు కదిలొచ్చినయి. గింతమంది ఒక్కసారే సూడాన్ కోసం మోకాళ్లూనితే మంచిదే గదా?"

"చచ్చినామె కోసం ఏమని మోకాళ్లూనుతరు?" అన్నాను. నా గొంతు పెరిగింది. "ఆత్మశాంతా? గీ హాలంత మందిల ఆమె బతికి రావాలని అడిగేటోడు ఒక్కడుంటడా? నువ్వే మూత ఏసినవు గదా తమ్మీ, ఇగ ఎవరడుగుతరు? మేం పదహారు మందిమి నలభై దినాలుగా అదొక్కటే అడుగుతున్నం. నువ్వు ఒక్క ఫ్లెక్సీతోటి బంద్ పెట్టినవు."

"ఆవేశపడకు అక్కా. మీటింగ్ అయినంక..." అంటూనే ఎవరో పిలిస్తే వెళ్లిపోయాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. అక్కడ పిల్లలు ఏడుస్తున్నారు, ఇక్కడ చీఫ్ గెస్టుకు శాలువా మడత పెడుతున్నారు.

నాగవ్వ నా చెయ్యి పట్టుకుంది. ఆపుతుందనుకున్నాను. "ఎక్కి తియ్యి బిడ్డా, కుర్చీ నేను పట్టుకుంట," అంది.

స్టేజీ ఎక్కాం. ఏదో ఏర్పాటు పని అనుకున్నారేమో, ఎవరూ ఆపలేదు. ఆడవాళ్లు స్టేజీ మీద తిరిగితే తుడవడానికో పూలు సర్దడానికో అనుకోవడం అలవాటే కదా. నాగవ్వ కుర్చీ పట్టుకుంది. నేను ఎక్కి, హవ్వ ముఖం మీది దండను మేకుల నుంచి తీశాను. కుర్చీ రెండడుగులు జరిపించాను. కుట్టుపని చేసేదాన్ని, నా గాజులకు ఎప్పుడూ పిన్నీసులుంటాయి. ఆ దండను భీమేష్ ముఖం చుట్టూ, నల్లకళ్లద్దాల మీదుగా, నాలుగు పిన్నీసులతో ఫ్లెక్సీకి గుచ్చాను. దిగి, బల్లను కూడా అటు లాగి, కొవ్వొత్తులు రెండూ అతని ఫోటో కిందకు చేర్చాను.

ముందు నవ్వులు వినిపించాయి. తర్వాత రెండో వరసలోంచి ఒక కేక. భీమేష్ తల్లి హన్మవ్వ లేచి, కొంగు నోట్లో కుక్కుకొని పరిగెత్తుకొస్తోంది.

"ఓ దేవుడా! ఎవతే అది, బతికున్నోనికి దండేసింది! నా ఒక్కడే కొడుకు! తియ్యే, దాని చేతులిరగ!"

భీమేష్ ఒక్క గంతులో స్టేజీ మీదికి వచ్చాడు. మెత్తని మాట ఎటు పోయిందో పోయింది. "పిచ్చి లేసిందా నీకు? బతికుండంగ దండేస్తవా?"

మైకు నా పక్కనే ఉంది. అందుకున్నాను. "నువ్వు బతికున్నవని మాకేం తెలుసు తమ్మీ? పొద్దుగాల నుంచి పదిసార్లు ఫోన్ చేసిన, ఎత్తలే. ఫోన్ కలవనోళ్లు చచ్చినట్టే గదా నీ లెక్కల?"

వెనక వరసల్లో జనం లేచి నిలబడ్డారు.

"గామెకు ఇద్దరు పిల్లలు," అన్నాను మైకులో, హవ్వ ముఖం చూపించి. "ఆమె చచ్చిందని ఎవలు చెప్పలే. నీ తల్లి నీ బొమ్మకు దండ చూసి ఎట్ల ఉరికొచ్చిందో చూసినవా? ఇప్పుడు అక్కడ గా పిల్లలు గట్లనే ఉన్నరు. నీ తల్లికి నువ్వు ఎదురుంగ కనపడ్డవు. వాళ్లకు ఎవలు కనపడాలె?"

హన్మవ్వ అప్పటికే దండ పీకి, కొవ్వొత్తులు ఊది, కొడుకు చెంపలు తడుముతోంది. నా మాటలకు ఆగింది. హవ్వ బొమ్మ వైపు తలెత్తి చూసింది. "గామె చచ్చిపోలేదారా?" అని అడిగింది.

"తెల్వదమ్మా," అన్నాడు భీమేష్.

"తెల్వదా?" హన్మవ్వ గొంతు మారిపోయింది. "తెల్వకుంట ఏసినవా? నీకు ఏసినట్టే గామెకు ఏసినవా? చెప్పురా గా ఫోన్ల. చెప్పకపోతే నేను గీడ కూసోను."

దేవేందర్‌కు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. డ్యూటీకి పోకుండా ఇద్దరూ రూములోనే ఉన్నారు. భీమేష్ మైకు నుంచి దూరంగా, గొంతు తగ్గించి, వచ్చిన హిందీలో తప్పు ఒప్పుకున్నాడు. "భాయ్, మాఫ్ కరో. గల్తీ హో గయా. హమ్‌కు కుచ్ మాలూమ్ నై." గబ్రియేల్ ఆ మాటే మళ్లీ చెప్పించుకున్నాడు. భీమేష్ ఫోన్ నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. అప్పటికే బయట కారు డోర్ల చప్పుడు, స్వాగతం అంటూ అరుపులు.

నేనూ నాగవ్వా బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాం. గెలిచానని ఎవరైనా అనుకుంటే వాళ్ల ఖర్మ. గబ్రియేల్ తన ఫోన్లో పిల్లలకు కలిపి దేవేందర్ ఫోన్ పక్కన పెట్టాడు. పెద్ద కూతురు మరియం మాట్లాడాలంటోందన్నాడు దేవేందర్. పన్నెండేళ్ల పిల్ల. శరణార్థుల గుడారాల్లో పక్కవాళ్ల ఫోన్లో మాట్లాడుతోంది. పదకొండేళ్లలో దేవేందర్ నేర్చిన అరకొర అరబ్బీ ఆ రోజు పనికొచ్చింది, రాని మాటలు గబ్రియేల్ హిందీలో అందించాడు.

"మా అమ్మను చూసిండ్రా అని అడుగుతుంది," అన్నాడు.

"లేదు బిడ్డా. చూడలే. మాకేం తెల్వదు. మావోళ్లు తప్పు రాసిండ్రు."

"తెల్వకుంటనే పూలు పెట్టిండ్రా అంటుంది."

"ఔ అని చెప్పు," అన్నాను. వేరే మాట ఏముంది నా దగ్గర?

ఆ పిల్ల వేగంగా చాలాసేపు మాట్లాడింది. దేవేందర్ ఆగి ఆగి చెప్పాడు. పొద్దుటి నుంచి నానమ్మ నేల మీద పడి ఏడుస్తోందట. చుట్టూ గుడారాల వాళ్లంతా వచ్చి ఏడ్చి పోయారట. తమ్ముడు ఎవరితోనూ మాట్లాడటం లేదట. ఇప్పుడు వాళ్లందరి దగ్గరికీ మళ్లీ పోయి ఏం చెప్పమంటారని అడుగుతోందట.

అప్పుడే లోపల లౌడ్‌స్పీకర్ మోగింది. చీఫ్ గెస్టు కాగితం చూసి చదువుతున్నట్టున్నాడు. "హతసాక్షి హవ్వ గారి పవిత్ర రక్తం" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నాగవ్వ రెండు చెవులూ మూసుకుంది.

"గా చప్పుడు ఏందని అడుగుతుంది," అన్నాడు దేవేందర్. నేను ఫోన్‌ను కొంగుతో కప్పాను. వాళ్ల అమ్మ కోసం ప్రార్థన అని అతనే ఏదో సర్దిచెప్పినట్టున్నాడు. మరియం ఒక్క ముక్క అంది. దేవేందర్ దాన్ని తెలుగు చేయలేదు.

"ఏమన్నది?"

"వద్దులే వినోదా."

"చెప్పు."

"వాళ్ల అమ్మ దొరికినా గా పిల్ల మీకు చెప్పదంట."

"చెప్పకు బిడ్డా," అన్నాను ఫోన్లోకి వంగి. "మాకు చెప్పకు. దొరికితే చాలు."

దేవేందర్ ఆ మాటను అరబ్బీలో మొదలుపెట్టేలోపే ఆ పిల్ల ఫోన్ పెట్టేసింది.